సంసద్భవనము: శిలయు శాసనమును

తెలుగున శాసన మను మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. శిలమీదనో రాగిరేకుమీదనో చెక్కబడిన వ్రాత యొకటి. ప్రజలు పాటింపవలసిన కట్టడి రెండవది. పూర్వ మీ రెండును వేఱుగావు. రాజు చేసిన కట్టడియే ఱాతికెక్కి శాసన మనిపించుకొనెడిది. కాలక్రమమున చట్టము కాగితమునకు దిగినది. ఱాతివ్రాత చరిత్రకారుల సొత్తైనది. విడిపోయిన యీ రెండర్థములును మరల నొక్కచో గలసికొన్న స్థలము ఢిల్లీలోని పాత సంసద్భవనము. అందు 1927 మొదలు 2023 వఱకు శాసనములు చేయబడినవి; దాని ద్వారములమీదను గుమ్మటములమీదను శాసనములు వ్రాయబడియున్నవి.

చేయబడిన శాసనములను గూర్చి న్యాయవేత్తలు విస్తారముగ వ్రాసిరి. వ్రాయబడినవానికి మాత్రము తగిన విచారము జరుగలేదు. భవనమును జూడబోయినవారు స్తంభముల నెన్నుదురు, శ్లోకమును జదివి తల యూచి సాగిపోవుదురు. ఆ వాక్య మే గ్రంథమునుండి, ఏ సందర్భమునుండి, ఎవ్వరి నోటినుండి తీయబడెను? తెచ్చి నిలిపినచోట దాని యర్థ మేమైనది? ఈ ప్రశ్నలు కావ్యవిమర్శకు దగినవి. ఇవి తేలక యా భవనముయొక్క కళ యిట్టిదని నిర్ణయించుట సాధ్యము గాదు. కళకు ప్రాణ మౌచిత్యమని కాశ్మీరకవి క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున స్థాపించెను. పదమునకు, వాక్యమునకు, దేశమునకు, కాలమునకు ఆయన చెప్పిన యా కొలత ఱాతికట్టడమునకును జెల్లును.

నిర్మాణచరిత్రము

1911 డిసెంబరున రాజధాని కలకత్తానుండి ఢిల్లీకి మాఱునని ప్రకటింపబడినపు డేర్పడిన నగరప్రణాళికలో శాసనసభకు వేఱు భవనము లేదు. వైస్రాయి మందిరములోనే యొక సభాశాల చాలునని భావింపబడెను. సభ రాజగృహమున కొక గదిగా నుండుట యా నాటి పాలనమున కనురూపమే. 1919 నాటి చట్టము రెండు సభల నేర్పఱచుటతో నీ యూహ మాఱినది. శాసనసభ, రాష్ట్రమండలి యను రెండింటికి దోడు సంస్థానాధిపతులకొఱ కేర్పడిన నరేంద్రమండలి మూడవదిగ జేరెను. ముగ్గురి నొక్క కప్పుక్రింద నిలుపవలసిన యావశ్యకత గలిగినది.

ఈ పనిలో ఎడ్విన్ లట్యెన్సు, హెర్బర్టు బేకరు అను నిద్దఱు శిల్పులకు నభిప్రాయభేదము గలిగెను. బేకరు తొలుత త్రికోణాకృతిగల మూడు రెక్కల కట్టడమును దలపెట్టెను. లట్యెన్సు వర్తులాకృతియే కావలెనని పట్టుపట్టెను. 1920లో వర్తులమే నిర్ణయింపబడి, ఆ హద్దునకు లోబడి బేకరు భవనమును రచించెను. 1921 ఫిబ్రవరి 12వ తేదిని కన్నాటు డ్యూకు శంకుస్థాపనము చేసెను. ఆఱేండ్ల తరువాత 1927 జనవరి 18వ తేదిని వైస్రాయి యగు ఇర్విను ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను. వ్యయము 83 లక్షల రూపాయలు. వ్యాసము 560 అడుగులు, వైశాల్యము రమారమి 6 ఎకరములు, ద్వారములు 12, మొదటి యంతస్తున వలయముగ నిలిచిన స్తంభములు 144, ఒక్కొక్కటి 27 అడుగుల యెత్తు. మూడు సభాశాలలకు నడుమ 98 అడుగుల వ్యాసముగల గుమ్మటపుగది యమర్పబడి, గ్రంథాలయముగ నుపయోగింపబడెను. 1929లో స్తంభవలయముపైన మఱియొక యంతస్తు చేర్పబడినది.

ఈ రూపమును బరిశీలించినచో నొక విశేషము గోచరించును. 144 స్తంభములును సమానములు. ఎటు చూచిన నొక్కటే తీరు. ముఖమండపము గల దేవాలయమును జూచిన భక్తునకు గర్భగృహ మెటనున్నదో తోచును. ఈ వలయమును జూచినవానికి లోపల నేమున్నదో, ఎవరెక్కడ గూర్చుందురో తెలియదు. ఎన్నికైనవారు, పెద్దలు, రాజులు అను మూడు విజాతీయవర్గముల యసమానతను వెలుపలి సమానత కప్పివైచుచున్నది. ఆనాటి రాజ్యాంగమునందును గుట్టిట్లే యుండెను: సభ గలదు, చర్చ గలదు, తుది నిర్ణయము మాత్ర మన్యత్ర గలదు. కావున శిలయొక్క వాచ్యార్థము సామ్రాజ్యమే యనుట తప్పుగాదు.

1929 ఏప్రిలు 8వ తేదిని భగత్‌సింగు, బటుకేశ్వరదత్తు ఆ శాసనసభాశాలలో బాంబులు విసరి, పాఱిపోక నిలిచి పట్టుబడిరి. వినని చెవులకు వినిపించుటకు బిగ్గఱ శబ్దము కావలెనని వారు విడిచిన పత్రముల తాత్పర్యము. మాటకు విలువలేని సభలో మాటకు మాఱుగ ధ్వని యుపయోగింపబడెను. ఆ కార్యమును మెచ్చినవారును మెచ్చనివారును గలరు; ఆ భవనమున శబ్దమునకును శక్తికిని గల యెడబాటు నంత స్పష్టముగ జూపిన ఘట్టము మఱొకటి లేదనుటలో మాత్రము భేదాభిప్రాయ ముండదు.

తరువాతి చరిత్ర మా వాచ్యార్థమును మెల్లమెల్లగ మార్చినది. 1946లో మధ్యనున్న గ్రంథాలయమే రాజ్యాంగసభకు శాలయైనది. ఆ సంవత్సరము డిసెంబరు 9వ తేదిని తొలి సమావేశ మచట జరిగెను; 1947 ఆగస్టు 14వ తేది యర్ధరాత్రి యధికారస్వీకార మచటనే జరిగెను; 1950 జనవరి 24వ తేదిని సభ్యులు రాజ్యాంగముపై సంతకములు చేసిరి. పట్టాభి సీతారామయ్య, అల్లాడి కృష్ణస్వామయ్యరు, ఆచార్య రంగా, దుర్గాబాయి మున్నగు తెలుగువా రా సభలో నుండిరి. రాజులకొఱకు గట్టిన శాలలో 1937 మొదలు ఫెడరలు కోర్టును, 1950 జనవరి 28 మొదలు 1958 వఱకు సుప్రీముకోర్టును న్యాయవిచారణ జరపినవి. శిల మాఱలేదు, అర్థము మాఱినది. అలంకారికుల పరిభాషలో జెప్పవలెనన్న, వాచ్యమును త్రోసిరాజని వ్యంగ్యము ప్రధానమైనది.

సాదృశ్యవాదము

ఈ పరిణామము గౌరవము గలిగించునదే. ఐనను కొందఱి కిది చాలినట్లు లేదు. భవనముయొక్క పుట్టుకయే భారతీయమని చెప్పవలెనను కోరిక ప్రబలి, మధ్యప్రదేశమున మొరేనా మండలములోని మితావలి గ్రామపు చౌసఠ యోగినీదేవాలయమే దీనికి మాతృక యను మాట ప్రచారము నందినది. గుట్టమీది యా దేవాలయము వర్తులము. 64 చిన్నగదులు వలయముగ నున్నవి. నడుమ గుండ్రని మండపము గలదు. దూరమునుండి చూచినచో సాదృశ్యము కనుల కింపుగనే యుండును.

కాని సాదృశ్య ముపమకు మూలమగునుగాని జన్యజనకభావమునకు బ్రమాణము గాదు. ముఖమునకును జంద్రునికిని పోలిక చెప్పినంతమాత్రమున ముఖము చంద్రునినుండి పుట్టినదని తార్కికు డొప్పడు. శిల్పు లా దేవాలయమును జూచి వర్తులమును గ్రహించిరనుటకు నాధారము వెలికి రాలేదు. వర్తులము త్రికోణమును ద్రోసివచ్చిన తీరు పైని జెప్పబడినది. అంతేగాక రెండింటి రచనాతత్త్వమును విరుద్ధమే. యోగినీదేవాలయమున వెలిగోడ మూసినది, గదులు లోపలి యంగణమువైపు ముఖము పెట్టినవి. ఆకాశమే దానికి గప్పు. సంసద్భవనమున స్తంభవలయము వెలుపలికి దెఱచినది, గుమ్మటపుశాల లోన దాగినది. ఒకటి లోచూపు గలది, రెండవది వెలిచూపు గలది. భారతీయరచనయొక్క జాడ చూడవలెనన్న ఱాతిజాలకములందును, ఎండను వానను గాచు వెడల్పు చూరులందును జూడవచ్చును. అవి బేకరు తెలిసి గ్రహించినవి.

ఈ వాదమును ఖండించుట భవనమును దక్కువచేయుట గాదు. లేని వంశవృక్షమును గల్పించినవాడు ఉన్న సుగుణమును జూడ మఱచును. పరులు కట్టినదాని నొకజాతి తనదిగా జేసికొన్న విధానమే యిచట నిజమైన చరిత్ర. ఆ విధానమున ముఖ్యసాధనము శిల గాదు, శబ్దము.

ద్వారమందలి సామము

మొదటిద్వారమున ఛాందోగ్యోపనిషత్తు రెండవ ప్రపాఠకమునుండి గ్రహింపబడిన సామమంత్రము గలదు. లోకద్వారమును దెఱవుమని, నిన్ను మేము దర్శింతుమని, దాని వలన నాధిపత్యమును బొందుదుమని తాత్పర్యము. సామగానపు స్వరసంఖ్యలతోనే యది వ్రాయబడినది. ఉపనిషత్తున నిది యజమానుడు యజ్ఞమున బాడునట్టిది. ప్రాతస్సవనమున వసువులను గూర్చి రాజ్యమును, మాధ్యందినసవనమున రుద్రులను గూర్చి వైరాజ్యమును, తృతీయసవనమున ఆదిత్యులను విశ్వేదేవులను గూర్చి స్వారాజ్యసామ్రాజ్యములను గోరుట యందలి క్రమము. ఈ మూటిలో ద్వారముపై నిలుపబడినది నడిమి సామము, వైరాజ్యము గలది.

ఈ యెన్నిక విచార్యము. స్వరాజ్య మను మాటకు దగ్గఱగ నుండు స్వారాజ్యమంత్రమును విడిచి వైరాజ్యమును గ్రహించుట తొలిచూపునకు వింతగ దోచును. ఐతరేయబ్రాహ్మణమున వైరాజ్యము హిమవంతమున కావలనున్న ఉత్తరకురు ఉత్తరమద్రజనపదముల పాలనమునకు బేరు. రాజు లేని పాలనమే యదియని కాశీప్రసాద జయస్వాలు 1924లో బ్రకటించిన గ్రంథమున వాదించెను. కౌటిల్యుడు మాత్రము వైరాజ్యమును నిందించెను. అచట దేశమును దనదని యెవ్వడును దలపడని యాతని దోషారోపణము. ఈ రెండర్థములును ద్వారముక్రింద నడచు సభ్యునకు దెలియవలసినవే. రాజులేని పాలనము శ్లాఘ్యము. తనదనువాడు లేని పాలనము నింద్యము. ఒక్క శబ్దమున నాశయమును హెచ్చరికయు నిమిడియుండుట యా శాసనపు భాగ్యము. యజమాను డొక్కడు తన ఫలమునకై పాడు మంత్రము సభాద్వారమున జేరగనే, అందలి బహువచనము సార్థకమైనది. ఇచట పద్యమును స్థాన మున్నతము చేసినది.

పంచతంత్రశ్లోకము

మధ్యశాల ప్రవేశమునొద్ద, తనవాడు పరాయివాడు అను లెక్క యల్పబుద్ధులదని, ఉదారులకు భూమియంతయు నొక్కటే కుటుంబమని తెలుపు ప్రసిద్ధశ్లోకము గలదు. దీనిని వల్లింపని యుపన్యాసకుడు లేడు. దీని సందర్భమును జెప్పు నుపన్యాసకు డరుదు. పంచతంత్రమున నపరీక్షితకారక మను నైదవ తంత్రమున నిది వచ్చును.

నలుగురు బ్రాహ్మణమిత్రులు. ముగ్గురు శాస్త్రపారంగతులు, బుద్ధిహీనులు. నాలవవానికి శాస్త్రము రాదు, బుద్ధి గలదు. రాజుల మెప్పించి ధన మార్జింప వారు బయలుదేఱిరి. త్రోవలో నొకడు చదువులేని వీనికి భాగ మేల యనెను; రెండవవాడు ఇంటికి మరలుమనెను; మూడవవాడు బాల్యమునుండి కలసి యాడితిమి, వీనికిని భాగ మిత్తమని యీ శ్లోకమును జదివెను. పిమ్మట నడవిలో సింహపుటెముకలు కనబడెను. ఒకడు వానిని గూర్చెను, రెండవవాడు చర్మమాంసరక్తముల నిచ్చెను, మూడవవాడు ప్రాణము పోయబోయెను. వలదని నాలవవాడు వారించెను, ఎవ్వరును వినలేదు. అతడు చెట్టెక్కెను. లేచిన సింహము ముగ్గురిని జంపెను.

శ్లోకము చదివిన యుదారుడే సింహమునకు బ్రాణము పోసినవాడు. తోడివానికి ధనమున బాలిచ్చెను గాని యాతని మాటకు జెవి యొగ్గడాయెను. ఈ కథ తెలిసి యా ద్వారము దాటిన సభ్యుని కా శ్లోకము తీయని సూక్తిగ మాత్ర ముండదు. చదువురాని పౌరునకును సమానమైన వోటు నిచ్చిన దేశ మిది, పాలిచ్చుట జరిగినది. పాలిచ్చినవాని మాట వినుట రెండవ ధర్మము. అది లేనిచో మొదటిది యౌదార్యప్రదర్శనముగనే మిగులును. కథను విడిచిన శ్లోకము సగము శాసనము. కథతో గలసిన శ్లోకమే పూర్ణశాసనము.

హితోపదేశమున నీ శ్లోకమే మఱొకరి నోట వచ్చును. లేడితో జెలిమి నటించి దానిని మ్రింగదలచిన నక్క, కాకి యడ్డుపడినపుడు దీనిని జదువును. చిన్నయసూరి 1853లో బ్రకటించిన నీతిచంద్రికలోని మిత్రలాభమున నా మృగకాకజంబుకకథను జదువని తెలుగు విద్యార్థి పూర్వ ముండెడివాడు గాడు. సూక్తి సత్యమైనంతమాత్రమున వక్త సత్యవంతుడు గాడని యందలి నీతి. లోకమంతయు నొక్కటే కుటుంబమని పలుకువాడెవ్వడు, ఎందులకు బలుకుచున్నాడు అని విచారించుటయు సభకు విధియే. ఇట్లొక్క శ్లోకము రెండు కథలతో గూడి యుదారునకు నుపేక్షను, వంచకునకు ముసుగును జూపి హెచ్చరించుచున్నది.

సభాధర్మశ్లోకములు

లిఫ్టులకడ నున్న గుమ్మటములలో మఱికొన్ని వాక్యములు గలవు. ఒకటి భారతోద్యోగపర్వమున విదురుడు ధృతరాష్ట్రునకు జెప్పినది. పెద్దలు లేనిది సభ గాదు. ధర్మము పలుకనివారు పెద్దలు గారు. సత్యము లేనిది ధర్మము గాదు. కపటము గలసినది సత్యము గాదు అని దాని భావము. ముందటిదానిని వెనుకటిది విశేషించుచు బోవుటచే నిది యేకావళీచ్ఛాయ గలది. గొలుసువంటిది గాన నొక్క కొక్కెము విడినచో సభ యను తొలిమాటయే జాఱిపోవును. దీనిని విన్న ధృతరాష్ట్రు డంతకుముందే ద్యూతసభలో నూరకుండిన రాజు. పెద్దలు గలరు, సభ గలదు, ద్రౌపది ప్రశ్నకు బదులు లేకపోయెను. ఆ నేపథ్యమున విదురవాక్యము పొగడ్త గాదు, అభియోగము.

మఱియొకటి మనుస్మృత్యష్టమాధ్యాయములోనిది. సభను బ్రవేశింపకుండవచ్చును, ప్రవేశించినచో యుక్తము పలుకవలెను, పలుకనివాడును దప్పు పలికినవాడును సమముగ బాపము బొందుదురని భావము. ఆ యధ్యాయము వ్యవహారనిర్ణయమును గూర్చినది గాన నచట సభ యనగా న్యాయస్థానము. శాసనసభకు దీని నన్వయించుట యర్థమును సాగదీయుట గాదా యని యాక్షేపింపవచ్చును. సమాధాన మా గ్రంథమునందే గలదు. దాని తరువాతి శ్లోకము, ధర్మ మధర్మముచేతను సత్య మనృతముచేతను జూచుచుండగ హతమగుచోట సభాసదులే హతులని చెప్పును. ఆ శ్లోకమే భారతమున గురుసభలో శ్రీకృష్ణుని నోట వచ్చును. ఆ సభ యుద్ధమా సంధియా యని విచారించు రాజ్యసభయే. ఆ ఘట్టమున దిక్కన రచించిన పద్యమును తెలుగుపండితుడు మఱువడు. సమర్థులై యుండియు నుపేక్షించినవారికి జేటు దప్పదని తిక్కన తీర్చిన తీరు మూలమునకు బదును పెట్టినది. కావున న్యాయసభనుండి రాజ్యసభకు నీ ధర్మము ప్రాకుట కొత్త గాదు. భారతమే యా త్రోవ వేసినది. శాసనసభలో మౌనము తటస్థత గాదు, నేరము అని యీ శాసనపు తేలిన యర్థము.

శుక్రనీతినుండి గ్రహింపబడిన వాక్యము, ప్రాజ్ఞుడగు రాజు తన మతమునందే నిలువక సభ్యుల, అధికారుల, ప్రజల యభిప్రాయమున నిలువవలెనని చెప్పును. శుక్రనీతి ప్రాచీనగ్రంథము గాదని, మిక్కిలి యర్వాచీనమని పలువురు పరిశోధకులు వాదించిరి. ఆ వాదము నంగీకరించినను వాక్యముయొక్క యౌచిత్యమునకు లోపము రాదు. రాజులేని దేశమున నృపశబ్దము లక్షణచే నధికారముగల వారందఱిని బోధించును. అధికసంఖ్య గలవారు తామే సభయని తలచునపు డా నృపు డెవ్వడో వేఱుగ జెప్పనక్కఱలేదు.

సంస్కృతమునకు దోడు పారసీక, అరబ్బీ భాషల వాక్యములును గలవు. పచ్చని మణిమయమగు కమానుమీద బంగారముతో నిట్లు వ్రాసిరి, దాతల మంచితనము దప్ప మఱేదియు నిలువదు అను భావముగల హాఫిజు కవి వాక్య మొక గుమ్మటమున నున్నది. మూలమున నా కమా నాకాశమే. దుఃఖదినములు నిలువవని యారంభించు గజలులో నీ పంక్తి వచ్చును. ఆకాశము గుమ్మటముగ రూపింపబడిన పద్యమును దెచ్చి నిజమైన గుమ్మటమున వ్రాయుటచే రూపకము తన యుపమేయమును గలసికొన్నది. వ్రాతకును జోటునకును గుదిరిన పొందికలో నీ శాసనమున కీ భవనమున సాటి యగుపడదు. అధికారము నిలువదని యధికారస్థానమున వ్రాయుటయు నందొక విశేషము. అరబ్బీ వాక్యము ఖురానులోనిది: ఒక జనసమూహము తన్ను దాను మార్చుకొననిదే దైవము దాని స్థితిని మార్చడని తాత్పర్యము. ద్వారమందలి సామము దైవమును ద్వారము దెఱవుమని వేడగ, ఈ వాక్యము మనుష్యుని బాధ్యతను మనుష్యునకే యప్పగించినది. రెండును గలసి యొక సంవాదమైనవి.

లోకసభాపతి పీఠముకడ నున్నది రెండే పదములు: ధర్మచక్రమును నడపుటకొఱకు అని. సారనాథమున బుద్ధుని తొలియుపదేశమునకు ధర్మచక్రప్రవర్తన మని పేరు. వాదమున బాల్గొనక వినుటయే ప్రధానకర్తవ్యముగ గల పీఠమునకు నుపదేశసూచకపదమును జేర్చుట వైరుధ్యముగ దోచవచ్చును. ఐనను చక్రము నడపువాడు తానై పరుగిడడు. ఇరుసు కదలక యుండుటచేతనే చక్రము కదలును. పీఠమునం దున్నవాడు నిష్పక్షపాతముగ నిలిచినపుడే యా పదములు సార్థకములు.

చిత్రములు, ప్రతిమలు

శాసనములవలె జిత్రములు ఫలించినవా యనునది తరువాతి ప్రశ్న. క్రిందియంతస్తు వెలివలయపు నడవగోడలను భారతచరిత్రచిత్రములతో నలంకరింపవలెనను సంకల్పము తొలి లోకసభాపతి గణేశవాసుదేవ మావలంకరుది. 1951లో నిందులకై సంఘ మేర్పడెను. ప్రాచీనకాలము మొదలు 1947 వఱకు గల చరిత్రమును 125 ఫలకములపై జిత్రింపవలెనని ప్రణాళిక. 1956 ఫిబ్రవరిలో మావలంకరు గతించెను. పిమ్మట తిరుచానూరున బుట్టిన సంస్కృతాభిజ్ఞుడు మాడభూషి అనంతశయనమయ్యంగా రా పీఠము నధిష్ఠించెను. చిత్రరచన సాగినది గాని తలపెట్టిన సంఖ్యలో సగమైనను బూర్తి గాలేదు.

సంకల్పము గొప్పదే. వలయపు నడవ ప్రదక్షిణపథమువంటిది. అమరావతీస్తూపపు ప్రాకారమును జుట్టివచ్చుచు బుద్ధచరితమును ఱాతిపై జదివిన యాంధ్రుల కా పద్ధతి యపరిచితము గాదు. కాని భేద మొకటి గలదు. స్తూపమును జుట్టువాడు దానిని జూచుటకే వచ్చును. నడవలో నడచువాడు సభకు బోవుటకు నడచును. స్తూపశిల్పము నడుమనున్న ధాతువును గూర్చి చెప్పును. ఈ చిత్రములు నడుమనున్న సభను గూర్చి చెప్పవలసియుండ, చరిత్రను మొదటినుండి చెప్పబూనినవి. నిడివి పెరిగినకొలది కేంద్రము దూరమైనది. సంగ్రహమున గుదిరినది విస్తరమున గుదురలేదు. రాజ్యాంగపు మూలప్రతిని నందలాల్ బోసు, ఆయన శిష్యులు మొహెంజొదారో మొదలు స్వాతంత్ర్యసమరము వఱకు గల ఘట్టములతో నలంకరించిరి. అచట చిత్ర మొక్కొక్క భాగమునకు దలకట్టుగ నిలిచి, క్రిందనున్న వాక్యమునకు దోడైనది. పుస్తకమున వాక్యము ప్రధానము, చిత్ర మంగము. నడవలో జిత్రమునకు దోడగు వాక్యము లేదు. రెండు ప్రణాళికల చరిత్రక్రమ మొక్కటే యైనను, ఒకటి పూర్ణమగుటకును రెండవది శేషించుటకును గారణ మింతకంటె వేఱుగ వెదుకనేల?

ప్రతిమల విషయమున స్థానౌచిత్యమే నిర్ణాయకము. మధ్యశాలలో ఆస్వల్డు బర్లీ రచించిన గాంధీపటమును 1947 ఆగస్టు 28వ తేదిని రాజేంద్రప్రసాదు ఆవిష్కరించెను. సామ్రాజ్యపు గుమ్మటముక్రింద నాంగ్లచిత్రకారుడు చిత్రించిన గాంధి యుండుట యా భవనపు ద్విజత్వమునకు దగిన గుఱుతు. 1993 అక్టోబరు 2వ తేదిని మొదటిద్వారమున కెదురుగ రామ్ సుతారు చెక్కిన యుపవిష్టగాంధీప్రతిమ స్థాపింపబడెను. లోపల మాట దొరకనివారు వెలుపల దానిముందు నిలిచి తమ నిరసనమును దెలుపుట యాచారమైనది. శిల్పి యుద్దేశించినను లేకున్నను, సభ యొక్క రెండవ వేదికగ నా ప్రతిమ పరిణమించెను. 2024 జూనున సంసత్ప్రాంగణమందలి ప్రతిమ లన్నియు బ్రేరణాస్థల మను నొక్కచోటికి జేర్పబడినవి. అన్నిటిని నొక్కచో జూచువారి కది సౌకర్యమే. ఐనను విడివిడిగ నుండి యొక్కొక్క ద్వారముతో సంబంధించిన ప్రతిమ కొక వాక్యార్థ ముండెను. వరుసలో నిలిచినపుడు పదార్థము మాత్రము మిగిలినది. సమాసమున బదముల స్థానము మార్చిన నర్థము మాఱునని తెలిసినవారి కిది యాశ్చర్యము గాదు.

ముగింపు

2023 మే 28వ తేదిని బిమల్ పటేలు రచించిన క్రొత్త సంసద్భవనము ప్రారంభింపబడెను. సెప్టెంబరు 19వ తేదిని సభలందు జేరినవి. పాత భవనమునకు సంవిధానసదన మను పేరు వచ్చినది. క్రొత్త భవనము త్రికోణము. నూఱేండ్లకు ముందు బేకరు గీచి విడిచిన త్రికోణమే మరల వచ్చినదని యెవరైన మురియవచ్చును. మితావలి విషయమున జెల్లిన న్యాయమే యిచటను జెల్లును: పోలిక పుట్టుకకు బ్రమాణము గాదు.

పాత భవనముయొక్క శిల గంభీరము, పరుల యవసరమున బుట్టినది; చిత్రములు సదుద్దేశముతో నారంభింపబడి మధ్యమున నిలిచినవి; ప్రతిమలు స్థానముచే నర్థము బొంది స్థానచలనముచే గొంత గోల్పోయినవి. శాసనములు మాత్రము సందర్భముతో జదివినకొలది సారము పెంచుకొనుచున్నవి. సభ వాక్కునకు నెలవు గాన, అందు వాగ్రూపమైన కళయే సఫలమగుట సహజము. ఆ శ్లోకము లలంకారములని యెంచినచో నవి పాత గోడలతోనే నిలిచిపోవును. ప్రతిజ్ఞలని యెంచినచో వానిని మోయవలసినవి గోడలు గావు, మనుష్యులు. పెద్దలు లేనిది సభ గాదని విదురుడు కట్టడమును గూర్చి పలుకలేదు. సభ్యు లా త్రోవను దాటి వేఱింటికి బోయినను, పలుకకుండుట పాపమను శాసనము వారి వెంట బోయినదో లేదో క్రొత్త యింటి చర్చలే తేల్చును. సందర్భముతో గూడ నా వాక్యములను విద్యార్థులకు జెప్పు భారము పాఠశాలాపండితులది. రేపటి సభ్యులు నేడు వారియెదుటనే కూర్చుండియున్నారు.